గడ్డిని అరిగించేది ఆవు కాదు: మేత మీద అపోహలు - వాస్తవాలు

చిత్తూరు పల్లెల్లో పొద్దున్నే పాలకేంద్రం దగ్గర కాసేపు నిలబడితే చాలు, మేత మీద సలహాలు కావలసినన్ని దొరుకుతాయి. పశువైద్యుడిగా ఇరవై ఏళ్లుగా వింటున్నాను. సగం మంచివే. మిగతా సగం తప్పడానికి కారణం, గడ్డి పొట్టలోకి దిగాక ఏమవుతుందో ఎవరూ చూడలేకపోవడం. తిరుపతిలో చదువుకునే రోజుల్లో నాకు ఆ అవకాశం దొరికింది.

అపోహ: ఆవు తన జీర్ణరసాలతోనే గడ్డిని అరిగించుకుంటుంది.

వరిగడ్డి పీచులో ముఖ్యమైన పదార్థం సెల్యులోజు. దాన్ని విడగొట్టే ఎంజైము ఆవు ఒంట్లో తయారు కాదు. ఆ పని, తిన్న మేత మొదట చేరే పెద్ద పొట్టలో కాపురముండే సూక్ష్మజీవులది. అక్కడి ద్రవంలో మిల్లీలీటరుకు వెయ్యి కోట్లకు తక్కువ కాకుండా బ్యాక్టీరియా ఉంటుంది. వాటిలో సెల్యులోజు మీద పనిచేసే ముఖ్యమైన జాతులు మూడు: ఫైబ్రోబ్యాక్టర్ సక్సినోజెనిస్, రుమినోకాకస్ ఆల్బస్, రుమినోకాకస్ ఫ్లేవఫేసియెన్స్. అవి గడ్డిని పులియబెట్టగా వచ్చే ఆమ్లాలే ఆవుకు అసలు తిండి. పాలలో వెన్న కట్టడానికి వాటిలోని ఎసిటిక్ ఆమ్లమే ముఖ్యమైన ముడిసరుకు. పుంగనూరు పొట్టి ఆవైనా, జెర్సీ సంకరమైనా ఇదే లెక్క.

అపోహ: గడ్డి పొట్టలో నాని నాని కరిగిపోతుంది.

ఒకప్పుడు నేనూ ఇలాగే అనుకున్నాను. మా ప్రయోగశాలలో ఎడమ డొక్కలో పెద్ద పొట్టదాకా రంధ్రం చేసి రబ్బరు మూత అమర్చిన గిత్త ఒకటి ఉండేది. అరచేతిలో పట్టేంత నైలాను సంచుల్లో కత్తిరించిన వరిగడ్డి తూచి వేసి, దారం కట్టి, ఆ మూత తీసి పెద్ద పొట్టలోకి దించేవాళ్లం. గంటల లెక్కన ఒక్కొక్కటే బయటికి తీసి, కుళాయి కింద నీళ్లు తేటపడేదాకా కడిగి, ఆరబెట్టి మళ్లీ తూచడం నా పని. చేతికి పట్టిన వాసన రెండు రోజులు వదిలేది కాదు. మెస్సులో నా పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు.

48 గంటల తర్వాత తీసిన సంచిలో గడ్డి కరిగిపోయి ఉంటుందనుకున్నాను. కరగలేదు. నిగనిగలాడే పైతోలు అలాగే ఉంది, లోపలి మెత్తటి కండ మాత్రం మాయమైంది. మైక్రోస్కోపు కింద పెడితే సంగతి తెలిసింది. నున్నటి తోలు మీద బ్యాక్టీరియా పలుచగా ఉంది. కోసిన అంచుల దగ్గర, నలిగిన చోట, ఆకు రంధ్రాల చుట్టూ మాత్రం తిరునాళ్లలా కిక్కిరిసి ఉంది.

గడ్డి లోపల పడ్డ నిమిషాల్లోనే ఇవి అతుక్కోవడం మొదలుపెడతాయి. మొదట ఊరికే తగులుకుంటాయి, తర్వాత పట్టు బిగిస్తాయి. రుమినోకాకస్ ఫ్లేవఫేసియెన్స్ తన ఒంటి మీదే ఎంజైముల గుత్తి ఒకటి మోస్తుంది. దాన్ని సెల్యులోజోమ్ అంటారు. ఒకే కొక్కేనికి వేలాడే తాళంచెవుల గుత్తి అనుకోండి. ఆ గుత్తిలోనే సెల్యులోజును పట్టుకునే భాగమూ ఉంటుంది. ఫైబ్రోబ్యాక్టర్ దగ్గర అలాంటి గుత్తి లేదు. అది పీచుకు ఒంటిని ఆనించి, తానున్న మేరకు గాడి తొలుచుకుంటూ పోతుంది. ఎంజైమును ద్రవంలోకి వదిలేస్తే విడివడిన చక్కెర పక్కవాళ్ల పాలవుతుంది. అందుకే ఇంత పట్టు.

ఇక పైతోలును చీల్చే పని శిలీంధ్రాలది. 1975లో కోలిన్ ఓర్పిన్ అనే పరిశోధకుడు చెప్పేదాకా పెద్ద పొట్టలో శిలీంధ్రాలుంటాయని శాస్త్రవేత్తలే ఒప్పుకోలేదు. గాలి లేనిచోట అవి బతకవన్నది వాళ్ల అపోహ. వాటి వేళ్లలాంటి పోగులు గట్టి పొరలను తొలుచుకుని దిగుతాయి, ఆ దారిన బ్యాక్టీరియా కూడా దిగుతుంది. కాడలను గట్టిపరిచే లిగ్నిన్‌ను మాత్రం అక్కడ ఎవరూ అరిగించలేరు. వేరుశనగ కట్టెలో ఆకు తిని కాడలు వదిలేసిందని ఆవును తిట్టకండి.

అపోహ: అలాగైతే గడ్డిని పిండి చేసి పెడితే ఇంకా మంచిది.

తెలివైన ప్రశ్నే. కోసిన అంచులు పెరుగుతాయి, నిజం. కానీ పిండి పెద్ద పొట్టలో నిలవదు. పట్టు చిక్కి పని ముగిసేలోపే ముందుకు జారిపోతుంది. పైగా నెమరు తగ్గుతుంది, దాంతో లాలాజలమూ తగ్గుతుంది. పెద్ద ఆవుకు రోజుకు వంద లీటర్లకు పైగా ఊరే ఆ లాలాజలమే పొట్టలోని పులుపును అదుపులో పెట్టేది. అంగుళం, రెండంగుళాల ముక్కలు చాలు.

అపోహ: అన్నం, తీపి పెడితే పాలు పెరుగుతాయి.

పెళ్లిళ్ల కాలంలో తెల్లవారకముందే నా ఫోను మోగిందంటే సంగతి సగం తెలిసినట్టే. కిందటి ఏడాది ఒక ఇంట్లో రాత్రి విందులో మిగిలిన అన్నాన్ని ఆవు ముందు గంపతో పెట్టారు. నేను వెళ్లేసరికి అది పడుకుని లేవడం లేదు. పేడ నీళ్లలా ఉంది, పుల్లటి వాసన. "మంచిదే కదా సార్, మనం తినేదే పెట్టాం" అంది ఇంటావిడ. పిండిపదార్థం తొందరగా పులిసి ఆమ్లం పోగవుతుంది. పీహెచ్ (పులుపు పెరిగేకొద్దీ తగ్గే అంకె) 6 కంటే దిగితే పీచును పట్టుకునే బ్యాక్టీరియాకు పట్టు సడలుతుంది, ఇంకా దిగితే ఆవు ప్రాణానికే ముప్పు. మామిడి కాలంలో గుజ్జు ఫ్యాక్టరీల నుంచి తెచ్చే తొక్కలతోనూ ఇదే జాగ్రత్త: కొద్దికొద్దిగా, గడ్డి తిన్న తర్వాతే. ఆ ఆవు బతికింది. పాలు మునుపటిలా రావడానికి మాత్రం చాలా రోజులు పట్టింది.

అపోహ: యూరియా వేసిన గడ్డి విషం.

యూరియాను నేరుగా తిన్నా, ఆ నీళ్లు తాగినా విషమే. కానీ 100 కిలోల వరిగడ్డికి 4 కిలోల యూరియాను నీళ్లలో కరిగించి చల్లి, గాలి చొరకుండా మూడు వారాలు కప్పి ఉంచితే కథ వేరు. పుట్టిన అమ్మోనియా పీచును ఉబ్బించి, లిగ్నిన్ కట్లను వదులు చేస్తుంది. బ్యాక్టీరియాకు కొత్త పట్టూ దొరుకుతుంది, ఒళ్లు పెంచుకోవడానికి నత్రజనీ దొరుకుతుంది. ఆరు నెలల లోపు దూడలకు మాత్రం పెట్టకండి. కప్పు తీయగానే కళ్లు మండుతాయి; కావలసినంత గడ్డి బయటికి లాగి, ఆ ఘాటు పోయేదాకా పరిచి ఉంచాకే గాటిలో వేయండి.