చక్రాల ర్యాకు ఎందుకు ఒరుగుతుంది, ఎలా నిలబెట్టాలి

ఆరడుగుల ఇనప ర్యాకుకు కింద నాలుగు చక్రాలు బిగిస్తే గది మూలలు ఊడ్చుకోవడం సులువవుతుంది, గోడకు చెదలు పట్టాయేమో అప్పుడప్పుడు చూసుకోవచ్చు. కానీ అవే చక్రాలు ర్యాకు నిలకడలో దాదాపు సగం తీసుకుపోతాయి. బ్రేకు ఉంది కదా అని చాలామంది ధీమాగా ఉంటారు. బ్రేకు వల్ల ర్యాకు దొర్లకుండా ఉంటుంది, అంతే. ఒరిగే ర్యాకును ఏ బ్రేకూ ఆపలేదు.

దుకాణాల్లో, ఇళ్లలో ఎక్కువగా కనిపించే స్లాటెడ్ యాంగిల్ ర్యాకునే, అంటే వరసగా రంధ్రాలున్న ఇనప పట్టీలను బోల్టులతో బిగించి చేసేదాన్నే తీసుకుందాం. ఎత్తు 180 సెంటీమీటర్లు, పొడవు 90, లోతు 38, అంటే 15 అంగుళాలు. అరలన్నిటిలో బరువు సమానంగా ఉంటే గరిమనాభి, అంటే బరువంతా ఒక్కచోటే ఉన్నట్టు లెక్కించే బిందువు, నేలకు సుమారు 90 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కడి నుంచి నిట్టనిలువుగా కిందికి గీసిన గీత ముందు కాళ్లను దాటిందంటే ర్యాకు ఇక వెనక్కి రాదు. మధ్య నుంచి ముందు కాళ్లకు 19 సెంటీమీటర్లు. లెక్క వేస్తే, ర్యాకు 12 డిగ్రీల దాకా ఒరిగినా తిరిగి నిలబడుతుంది.

ఇప్పుడు 75 మిల్లీమీటర్ల రివాల్వింగ్ వీల్స్, అంటే ఎటైనా తిరిగే చక్రాలు, బిగించామనుకోండి. చక్రం ప్లేటు మధ్యభాగం అంచుకు 4 సెంటీమీటర్లు లోపలికి వస్తుంది. ర్యాకు మొత్తం 10 సెంటీమీటర్లు పైకి లేస్తుంది. ఇక మూడోది, చాలామంది గమనించనిది: ఇలాంటి చక్రం, ప్లేటు కింద తనను అటూ ఇటూ తిప్పే కీలుకు సరిగ్గా కింద నేలను తాకదు, సుమారు 3.5 సెంటీమీటర్లు పక్కన తాకుతుంది. లాగిన వైపుకు తిరగగలిగేది ఆ ఎడం వల్లే. ర్యాకును మనవైపు లాగితే ముందు చక్రాలు వెనక్కి, అంటే ర్యాకు కిందికి మళ్లుతాయి. 19 సెంటీమీటర్ల ఆధారం కాస్తా 11.5 అవుతుంది. గరిమనాభి 100 సెంటీమీటర్లకు చేరుతుంది. 12 డిగ్రీలు ఉండాల్సిన చోట 6.5 మిగులుతుంది. ఎటు లాగితే అటే ఆధారం తగ్గుతుంది, ర్యాకు ఒరిగేదీ అటే.

లాగుతుండగా ముందు చక్రాలు గడపకో, పైకి లేచిన టైలు అంచుకో తగిలి టక్కున ఆగాయనుకోండి. పైభాగం ఆగదు, ముందుకు వస్తూనే ఉంటుంది. పై కొలతలున్న ర్యాకు బోల్తా పడటానికి సెకనుకు 0.4 మీటర్ల వేగం చాలు. మనిషి మామూలు నడకలో మూడో వంతు అది. కదలకుండా నిలబడి ఉన్న ర్యాకు సంగతీ అంతే. సామానుతో 80 కిలోలు ఉండి, బ్రేకులు వేసి ఉన్నప్పుడు 150 సెంటీమీటర్ల ఎత్తులో పట్టుకుని 6 కిలోల బలంతో లాగితే వెనక చక్రాలు లేస్తాయి. సామాను తీసేసిన 16 కిలోల ఖాళీ ర్యాకుకైతే కిలోకు కాస్త పైన చాలు. పిల్లలున్న ఇంట్లో ఖాళీ ర్యాకును మరింత జాగ్రత్తగా చూడాలి. అమెరికాలో బట్టల అల్మారాల కోసం 2022లో చేసిన చట్టం, 27 కిలోల దాకా బరువుండే పిల్లల వల్ల పడే భారాన్ని పరీక్షలో చేర్చింది. వైద్య పరికరాల అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం, తోసుకెళ్లే పరికరం 10 డిగ్రీల వాలులోనూ బోల్తా పడకూడదు. ఇంటి ర్యాకుకు కూడా ఆ 10 డిగ్రీలను లక్ష్యంగా పెట్టుకోవడం మంచిది.

అక్కడికి చేరడానికి మొదటి దారికి ఖర్చేమీ లేదు. బరువును కిందికి దించాలి. 25 కిలోల బియ్యం బస్తా, నూనె డబ్బాలు అన్నిటికన్నా కింది అరలో, పప్పులు, పిండి డబ్బాలు రెండో అరలో పెట్టి, పై అరలో రెండు కిలోలకు మించకుండా ప్లాస్టిక్ సామానో, ఖాళీ డబ్బాలో ఉంచితే గరిమనాభి 100 నుంచి 70 సెంటీమీటర్లకు దిగుతుంది, ఒరిగే కోణం 9 డిగ్రీలు దాటుతుంది. సామాను తక్కువుండే ర్యాకుకైతే కింది అర కొలతకు కోయించిన 20 మిల్లీమీటర్ల గ్రానైట్ పలక వేయించండి. 90 సెంటీమీటర్ల పొడవు, 38 వెడల్పు ఉంటే దాని బరువు 18 కిలోలు. సాధారణంగా రాతి దుకాణంలో మిగిలిన ముక్కల్లోనే దొరుకుతుంది.

అయితే బరువు దించినంత మాత్రాన ఆధారం వెడల్పు పెరగదు. అసలు మందు వెడల్పైన చట్రమే. 40 మిల్లీమీటర్ల చదరపు ఇనప పైపుతో, 2 మిల్లీమీటర్ల మందంలో, 100 సెంటీమీటర్ల పొడవు, 60 సెంటీమీటర్ల లోతున్న చట్రం వెల్డింగ్ చేయించి, ర్యాకును దాని మధ్యలో బోల్టులతో బిగించాలి. చక్రాలు చట్రం మూలల్లో ఉండాలి. అప్పుడు చక్రాలు లోపలికి మళ్లినా 22.5 సెంటీమీటర్ల ఆధారం దక్కుతుంది. బరువు కిందే ఉంటే కోణం దాదాపు 18 డిగ్రీలవుతుంది, అడ్డం తగిలినప్పుడు తట్టుకునే వేగం సెకనుకు మీటరుకు చేరుతుంది. చట్రం ముందుకు 11 సెంటీమీటర్లు పొడుచుకొస్తుంది కాబట్టి కాలికి తగలకుండా అంచున పసుపు టేపు అంటించాలి. రెండు ర్యాకులుంటే ఇంకా తేలిక: వీపుకు వీపు ఆనించి బోల్టులు బిగిస్తే లోతు 76 సెంటీమీటర్లు అవుతుంది, వెడల్పు కోసం వేరే చట్రం అక్కర్లేదు.

చక్రాలు కొనేటప్పుడు మొత్తం బరువును నాలుగుతో కాకుండా మూడుతో భాగించాలి. నేల ఎక్కడా పూర్తి సమతలంగా ఉండదు, ఏదో ఒక చక్రం గాల్లోనే ఉంటుంది. గ్రానైట్‌తో కలిపి 98 కిలోలైతే ఒక్కో చక్రంపై 33 పడుతుంది, కాబట్టి 50 కిలోలు మోసేవి తీసుకోవాలి. 50 మిల్లీమీటర్ల చిన్న చక్రాలు వద్దు. 10 మిల్లీమీటర్ల అడ్డాన్ని ఎక్కాలంటే వాటికి తమపై ఉన్న బరువుకు 1.3 రెట్ల బలం కావాలి. 75వి దాదాపు బరువంత బలంతో, 100వి ముప్పావు వంతు బలంతో ఎక్కుతాయి. ఇళ్లకు 75 మిల్లీమీటర్ల పాలియురెథేన్ చక్రాలు సరిపోతాయి. నైలాన్ చక్రాలు టైల్స్ మీద మోత మోగిస్తాయి, కొన్ని రకాల రబ్బరు చక్రాలు మరకలు చేస్తాయి. ర్యాకు పొడవువైపే కదిలితే చాలనుకుంటే ఒక చివర పక్కలకు తిరగని ఫిక్స్‌డ్ వీల్స్ రెండు వేయించండి. ఆ దిశలో ఆధారం ఎలాగూ ఎక్కువే.

స్లాటెడ్ యాంగిల్ కాలు ఎల్ ఆకారంలో ఉంటుంది, చక్రం ప్లేటు నేరుగా దానికి ఆనదు. ఒకే బోల్టుతో వేలాడదీస్తే నెలల్లోనే రంధ్రం సాగిపోతుంది. చట్రం మూలల్లో 5 మిల్లీమీటర్ల ఇనప ప్లేటు వెల్డు చేయించి, ఒక్కో చక్రానికి నాలుగు 8 మిల్లీమీటర్ల బోల్టులు, నైలాక్ నట్లతో (లోపల నైలాన్ రింగు ఉండి త్వరగా వదులవనివి) బిగించాలి. చెక్కపొట్టును అంటించి చేసిన పార్టికల్ బోర్డు అల్మారాకైతే మరల పట్టు నిలవదు, కింద 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ వేసి ఇవతలి నుంచి అవతలికి దిగే బోల్టులు పెట్టాలి. కదిలినప్పుడల్లా ర్యాకు పక్కలకు ఊగితే మూలల్లో త్రికోణపు ప్లేట్లు, వెనక అడ్డంగా ఇంటూ ఆకారంలో పట్టీలు కావాలి. ఆ ఊపుకే నట్లు వదులవుతాయి. మొదటి వారం తర్వాత ఒకసారి, ఆపైన మూడు నెలలకోసారి బిగించుకోవాలి.

బ్రేకు వీల్స్ రెండు ముందువైపు ఉంటే కాలికి అందుతాయి. చక్రంతోపాటు తిరిగే కీలును కూడా పట్టే రకం అడిగి తీసుకోండి. ర్యాకును గోడవైపు చివరి అరడుగు దూరం వెనక్కి తోసి ఆపితే ముందు చక్రాలు బయటికి మళ్లి ఆధారం పెరుగుతుంది. అప్పుడు బ్రేకు వేయాలి. ఆ పైన, 150 సెంటీమీటర్ల ఎత్తులో గోడలోకి యాంకర్ బోల్టు దించి, చిన్న గొలుసు కొక్కెంతో ర్యాకును కట్టేయండి. గొలుసు వదులు మూడు సెంటీమీటర్లకు మించకూడదు. బోల్టు ఇటుకలోకి దిగాలి, ప్లాస్టరింగ్‌లోకి దిగితే ఊడి వస్తుంది. ఏఏసీ బ్లాకుల (గాలి బుడగలున్న తేలికపాటి కాంక్రీటు ఇటుకల) గోడకు వాటికని చేసిన పొడవైన ప్లగ్గులే వాడాలి.

చివరగా కొలిచి చూడాలి. సామాను నింపి, బ్రేకులు వేసి, గొలుసు విప్పి, 150 సెంటీమీటర్ల ఎత్తులో తాడు కట్టి, సూట్‌కేసులు తూచే కొక్కెపు త్రాసును తగిలించండి. ఒకరు ర్యాకు పక్కన నిలబడి పట్టుకోవడానికి సిద్ధంగా ఉండాలి. లాగేవారు పొడవైన తాడుతో, ర్యాకు మీద పడినా తగలనంత దూరం నుంచి మెల్లగా లాగాలి. వెనక చక్రం నేల విడిచినప్పుడు త్రాసు 10 కిలోలు దాటి చూపించాలి. వెడల్పు చట్రమున్న 80 కిలోల ర్యాకుకు, చక్రాలు లోపలికి మళ్లి ఉంటే, 12 దాకా వస్తుంది. పదికి తగ్గితే కింది అరకు ఇంకో పలక వేసి, చక్రాలు ఆ బరువు మోస్తాయో లేదో సరిచూసుకుని మళ్లీ కొలవాలి.