జవాబు మంత్రిది, తాళంచెవి ఎవరిది?

ప్రభుత్వాసుపత్రిలో డాక్టరు చీటీ మీద రాసిన నాలుగు మందుల్లో రెండు కౌంటరులో దొరకకపోతే, ఆ సంగతి మీద వెలగపూడిలోని శాసనసభలో లేచి జవాబు చెప్పవలసింది వైద్య ఆరోగ్య శాఖ మంత్రి. ఆ మందులు కొనవలసింది మాత్రం రాష్ట్ర వైద్య సేవలు, మౌలిక సదుపాయాల అభివృద్ధి సంస్థ. జవాబు ఒకరిది, బీరువా తాళం మరొకరిది అయిన ఈ చిక్కుకు నూరేళ్లు దాటాయి.

బెజవాడ, గుంటూరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో, 1919 నాటి భారత ప్రభుత్వ చట్టం వైద్యం, ప్రజారోగ్యం, స్థానిక పరిపాలన వంటి శాఖలను శాసనమండలికి జవాబుదారీ అయిన మంత్రులకు బదిలీ చేసింది. ఆర్థిక శాఖను మాత్రం గవర్నరు తన కార్యనిర్వాహక సభ్యుల చేతిలోనే అట్టిపెట్టుకున్నాడు. అంటే అప్పటి జస్టిస్ పార్టీ నాయకుడు పానగల్ రాజా మంత్రివర్గం సభలో మాట పడాలి, ఖర్చుకు మాత్రం ఇంకొకరి గడప తొక్కాలి. 1935 చట్టం 1937లో అమలయ్యాకే ఖజానా కూడా మంత్రుల చేతికి అందింది. రెండేళ్లకు మద్రాసు ప్రజారోగ్య చట్టం వచ్చింది.

రాజ్యాంగం ప్రజారోగ్యాన్ని, ఆసుపత్రులను రాష్ట్ర జాబితాలో చేర్చి, 164(2) అధికరణ కింద మంత్రివర్గాన్ని శాసనసభకు సమష్టిగా జవాబుదారీ చేసింది. ఒక ఆసుపత్రి వైఫల్యానికి ఫలానా మంత్రి తప్పుకోవాలని అందులో ఎక్కడా లేదు, అది సంప్రదాయానికే వదిలిన విషయం. 2015 ఆగస్టులో గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో ఎలుకలు కొరికిన పసికందు మరణించినప్పుడు రాష్ట్రమంతా అట్టుడికినా, మంత్రి పదవికి ఢోకా రాలేదు.

అసలు మెలిక 1986లో పడింది. ఆ ఏడాది చేసిన చట్టంతో జిల్లా, ఏరియా ఆసుపత్రులు వైద్య విధాన పరిషత్తు అనే విడి సంస్థ కిందికి వెళ్లాయి. బోధనాసుపత్రి కనుక గుంటూరు పెద్దాసుపత్రి వైద్య విద్య సంచాలకుల కింద ఉండగా, పాతిక కిలోమీటర్ల దూరంలోని తెనాలి ఆసుపత్రి పరిషత్తు కిందికి, ఊళ్లలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు ప్రజారోగ్య సంచాలకుల కిందికి వచ్చాయి. 2007లో ఆరోగ్యశ్రీకి ఒక ట్రస్టు తోడయింది. పని చురుగ్గా సాగడానికే ఇవన్నీ అన్నారు, కొంతవరకు అది నిజమే. ఇంగ్లండు కూడా 2012 చట్టంతో ఆరోగ్య సేవల రోజువారీ నిర్వహణను విడి సంస్థకు అప్పగించి, పార్లమెంటుకు జవాబు చెప్పే బాధ్యతను మంత్రికే ఉంచింది. 2025 మార్చిలో ఆ సంస్థను రద్దు చేస్తామని అక్కడి ప్రభుత్వమే ప్రకటించింది.

ఇక్కడ కూడా పరిషత్తును రద్దు చేసి ప్రభుత్వ శాఖలో కలపాలని 2023లో మంత్రివర్గం నిర్ణయించింది. అయినా సభలో జవాబుల తీరు మారినట్టు లేదు. మంత్రి సభలో నోటిమాటగా జవాబు చెప్పవలసిన నక్షత్ర గుర్తు ప్రశ్నల జాబితా తిరగేస్తే విషయం తెలుస్తుంది: పోస్టులు ఖాళీగా ఉన్నమాట వాస్తవమేనా అన్న మొదటి ముక్కకు ‘అవునండి’ లేదా ‘కాదండి’, ఎప్పటిలోగా నింపుతారన్న చివరి ముక్కకు చాలాసార్లు ‘ప్రశ్న ఉత్పన్నం కాదు’.