బోరు కింద గరాటు

ధర్మవరం వైపు హెడ్ కానిస్టేబులుగా పనిచేస్తున్న ఒక పాఠకుడు అడిగారు: "వేసవి వస్తే చాలు, పక్క చేనివాడు బోరు వేసి నా నీళ్లు లాక్కున్నాడని ఫిర్యాదులు వస్తాయి. ముట్టుకోని బోరు ఎలా ఎండుతుందండీ?"

ఎండుతుంది. అనంతపురం నేల కింద చాలా చోట్ల గ్రానైటు వంటి గట్టి రాయి. నీరుండేది పైన రాయి చివికి మెత్తబడిన పొరలో, రాతి పగుళ్లలో. మోటారు వేయగానే బోరు చుట్టూ నీటిమట్టం గరాటులా కుంగుతుంది. ఇసుకనేలలో నీరు సులువుగా వచ్చి చేరుతుంది కనుక గరాటు వెడల్పుగా, లోతు తక్కువగా ఉంటుంది. రాతినేలలో నీరు మెల్లగా వస్తుంది కనుక అది నిటారుగా దిగిపోతుంది. రెండు గరాట్లు కలిసిన చోట ఆ లోతులు దాదాపుగా కూడుకుంటాయి. మీ మోటారు వల్ల మీ బోరులో 12 మీటర్లు, పక్క మోటారు వల్ల అక్కడే మరో 5 మీటర్లు మట్టం తగ్గిందనుకుందాం. మీ పంపు, మోటార్లు వేయకముందున్న నీటిమట్టానికి 15 మీటర్ల కిందే ఉంటే, 17వ మీటరు దాకా ఆగనక్కరలేదు, పైపు గాలి కక్కుతుంది. ఇద్దరి బోర్లూ ఒకే పగులును తాకితే దూరమున్నా ఇదే గతి. పగులు వేరైతే దగ్గరున్నా ఏమీ కాదు. నీటిజాడ చూసేవారి అరచేతిలో లేచి నిలిచే కొబ్బరికాయ ఆ పగులు ఇంకెవరి చేనికి పోతుందో చెప్పదు.

వాతావరణం వేడెక్కడమూ ఈ తగవును పెంచుతుంది. ఉష్ణోగ్రత 1 డిగ్రీ పెరిగితే గాలి సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టుకోగలదు. అందువల్ల వాన కుంభవృష్టిగా పడి, మధ్యలో విరామాలు పెరిగే అవకాశం ఎక్కువ. ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. అదంతా నాలుగు జడివానల్లో కురిస్తే నీరు వంకల పాలవుతుంది, ఇంకేది తక్కువ. ఇక ఎండకు పైరు దాహం పెరిగి మోటారు ఎక్కువ గంటలు ఆడుతుంది. దాంతో గరాటు మొదలయ్యేదే అప్పటికే దిగిపోయిన మట్టం నుండి.

చట్టం ఈ గరాటును చూడదు. ఏర్పడిన కాలువగా ప్రవహించని భూగర్భజలాన్ని భూయజమాని తోడుకోవచ్చని 1882 నాటి ఈజ్‌మెంట్ల (అనుభవ హక్కుల) చట్టం చెబుతుంది. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కొత్త బోర్లపై నియంత్రణ తెచ్చింది. కోపంతో పైపు కోసి సాగునీటికి లోటు తెచ్చినవాడికి మాత్రం భారతీయ న్యాయ సంహిత 326వ సెక్షను కింద ఐదేళ్ల వరకు శిక్ష పడవచ్చు. అందుకే ఎండిన బోరువాడే తరచు నిందితుడవుతాడు.

పరీక్ష కష్టం కాదు: రాత్రంతా రెండు మోటార్లూ ఆపి, తెల్లవారి పక్కబోరును మాత్రమే నడిపి, ఫిర్యాదుదారు బోరులోకి టేపు దించి గంట గంటకూ మట్టం రాసుకోవాలి. ఆ ఒక్క రాత్రి మోటార్లు ఆపడానికి ఇద్దరినీ ఒప్పించడమే స్టేషనులో చేయవలసిన పంచాయితీ.