లుకేమియా పాజిటివ్ పిల్లికి ఇల్లు దొరకదా? అపోహలు – వాస్తవాలు

టెక్సస్‌లోని ఆస్టిన్ దగ్గర షెల్టర్ పిల్లులకు వైద్యం చేయడం నా పని. ఇక్కడ తెలుగువాళ్లు బాగానే ఉన్నారు. పిల్లిని పెంచుకుందామని షెల్టర్‌కి వచ్చే మనవాళ్లు, డాక్టర్ తెలుగు మాట్లాడతారని తెలిస్తే వెతుక్కుని వచ్చి మరీ సందేహాలు అడుగుతారు. కానీ కేజ్ మీద ‘ఎఫ్‌ఈఎల్‌వీ పాజిటివ్’ అన్న కార్డు కనిపిస్తే మాత్రం పిల్లల చెయ్యి పట్టుకుని పక్క వరసలోకి వెళ్లిపోతారు. ఆ కార్డు గురించే ఈ పోస్టు.

ఎఫ్‌ఈఎల్‌వీ అంటే ఫెలైన్ లుకేమియా వైరస్, పిల్లుల్లో రక్త క్యాన్సర్ (లుకేమియా) లాంటి జబ్బులు తెచ్చే వైరస్. 1964లో స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో విలియం జారెట్ బృందం దీన్ని కనిపెట్టింది. ఆ తర్వాత చాలా ఏళ్లపాటు, ఈ టెస్టులో పాజిటివ్ వచ్చిన షెల్టర్ పిల్లికి చాలాచోట్ల ఇంజెక్షన్ ఇచ్చి ప్రాణం తీసేసేవారు. ఇప్పటికీ కొన్నిచోట్ల అదే జరుగుతోంది. అది తప్పని గట్టిగా నమ్ముతాను కాబట్టే రాస్తున్నాను.

అపోహ: టెస్ట్ పాజిటివ్ అంటే ఇక అంతే

ముందు ఆ టెస్ట్ ఎలా ఉంటుందో చూడండి. అరచేతిలో పట్టే ప్లాస్టిక్ కిట్. చిన్న ట్యూబులో మూడు చుక్కల రక్తం, నాలుగు చుక్కల ద్రావణం కలిపి కిట్‌లో పోస్తాం. ద్రవం పాకుతూ గుండ్రటి గడి దాకా రాగానే గట్టిగా నొక్కితే ‘టక్’మంటుంది. పది నిమిషాల తర్వాత నీలం చుక్క కనిపిస్తే పాజిటివ్. రక్తంలో వైరస్ తాలూకు పీ27 అనే ప్రొటీన్ ఉందని దాని అర్థం. వైరస్ ఒంట్లో ఏ దశలో ఉంది, పిల్లి ఎన్నేళ్లు బతుకుతుంది అన్నవి ఆ చుక్క చెప్పలేదు.

ఇంకో లెక్క చూడండి. ఉదాహరణకు, వెయ్యి పిల్లుల్లో నిజంగా 20కి ఈ వైరస్ ఉందనుకుందాం. టెస్ట్ నూటికి 99 ఆరోగ్యమైన పిల్లులకు సరిగ్గా నెగెటివ్ చూపిస్తుందనుకుందాం. అయినా మిగతా 980లో దాదాపు పది పిల్లులకు ఊరికే పాజిటివ్ వస్తుంది. అంటే 30 పాజిటివ్‌లలో పది తప్పే. ఆ పదింటినీ ఆ సాయంత్రమే చంపేస్తే ఎవరు జవాబు చెప్తారు?

వైరస్ నిజంగా ఉన్నా కథ ఒకేలా నడవదు. కొన్ని పిల్లుల శరీరం వైరస్‌ని పూర్తిగా తరిమేస్తుంది. కొన్నింటిలో అది కణాల జన్యువుల్లో చేరి నిద్రాణంగా ఉండిపోతుంది. రక్తంలో తిరగదు, ఉమ్ములో బయటికి రాదు. దీన్ని మేం రిగ్రెసివ్ అంటాం. మిగిలినవి ప్రొగ్రెసివ్. వాటిలో వైరస్ ఎముక మజ్జలో తిష్ట వేసి నిరంతరం పెరుగుతూనే ఉంటుంది. మొదటి రోజు పాజిటివ్ వచ్చి, కొన్ని వారాలకు నెగెటివ్‌గా మారే పిల్లులు ఉంటాయి. అందుకే మొదటి టెస్ట్ తర్వాత వైరస్ జన్యువును వెతికే పీసీఆర్ పరీక్ష కోసం రక్తం ల్యాబ్‌కి పంపుతాం, కొన్ని వారాలాగి మళ్లీ కిట్ పెడతాం. వైరస్ ఎంత మోతాదులో ఉందో చెప్పే పీసీఆర్ కూడా ఉంది. తక్కువ మోతాదు ఉన్న పిల్లులు ఎక్కువ మోతాదు ఉన్నవాటికంటే చాలా ఎక్కువ కాలం బతుకుతున్నాయి.

పాజిటివ్ రిజల్ట్ ఒక్కదాన్నే కారణంగా చూపి పిల్లి ప్రాణం తీయొద్దని అమెరికా పిల్లుల వైద్యుల సంఘం 2020 మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉంది.

అపోహ: ఇంట్లో చిన్నపిల్లలకు, కుక్కకు అంటుకుంటుంది

అంటుకోదు. ఇది పిల్లి జాతి వైరస్. ‘లుకేమియా’ అనగానే భయం వేయడం సహజమే. “డాక్టర్ గారూ, మా బాబు పిల్లిని ముద్దు పెట్టుకోకుండా ఉండడు, వాడికేం కాదు కదండీ?” అని మొన్న ఒకావిడ అడిగారు. ఏమీ కాదండీ. పిల్లి గీరితే సబ్బుతో కడగడం లాంటి మామూలు జాగ్రత్తలు ఏ పిల్లితోనైనా ఉండేవే.

అపోహ: వీటిని ఐసొలేషన్ వార్డులో పెట్టాలి

షెల్టర్లలో నన్ను బాగా బాధపెట్టేది ఇదే. పాజిటివ్ అనగానే తీసుకెళ్లి జలుబు, విరేచనాలతో ఉన్న పిల్లుల గదిలో పడేస్తారు. ఈ వైరస్ రోగనిరోధక శక్తిని దెబ్బతీస్తుంది. అలాంటి పిల్లిని తీసుకెళ్లి జబ్బు పిల్లుల మధ్య పెడితే, లుకేమియా కంటే ముందే ఆ జలుబే దాన్ని తీసుకుపోతుంది.

ఈ వైరస్ చాలా బలహీనమైనది. పిల్లి ఒంటి బయట, ఆరిపోయిన చోట ఎక్కువసేపు నిలవదు. మామూలు సబ్బు నీళ్లకు, బ్లీచ్‌కు చచ్చిపోతుంది. గాల్లో ఎగరదు. ఒకదాన్నొకటి నాక్కోవడం, ఒకే గిన్నెలో తినడం, కరుచుకోవడం, తల్లి నుంచి పిల్లలకు రావడం ప్రధానమైన దారులు. కాబట్టి విడి కేజ్‌లో, విడి గిన్నెతో, విడి లిట్టర్ బాక్స్‌తో ఉన్న పాజిటివ్ పిల్లి మామూలు వార్డులోనే ఉండొచ్చు. దాన్ని ముట్టుకున్నాక చేతులు కడుక్కుంటే చాలు.

దీన్ని పాన్‌ల్యూకోపీనియాతో కలిపేసుకునేవాళ్లు ఎక్కువ. అది పార్వో వైరస్ వల్ల పిల్లులకు వచ్చే వేరే జబ్బు. ఆ వైరస్ ఏడాది వరకూ కూడా గదిలో బతికి ఉండగలదు. ఐసొలేషన్, బూట్లకు కవర్లు, గౌన్లు అన్నీ దానికి కావాలి. పేర్లు దగ్గరగా వినిపిస్తాయి కానీ కేజ్ శుభ్రం చేసేవాళ్లకు రెండూ పూర్తిగా వేరే పనులు.

మా దగ్గర పొద్దున్నే కేజ్‌లు శుభ్రం చేసేటప్పుడు పిల్లి కూనలు, పాజిటివ్ పిల్లులే ముందు. జబ్బు వార్డు చివర్లో. ఈ వరస తిప్పితే, చేతికీ బట్టలకీ పట్టిన జలుబు నేరుగా బలహీనమైన పిల్లికి చేరుతుంది. ఆపరేషన్లు, పళ్ల శుభ్రం దగ్గర మాత్రం రాజీ ఉండదు. ఒక పిల్లి నోట్లో పెట్టిన పరికరం స్టెరిలైజ్ చేయకుండా ఇంకో నోట్లోకి వెళ్లకూడదు, సూది మళ్లీ వాడకూడదు. రక్తంతో పాకే వైరస్ ఇది.

పాజిటివ్ అని నిర్ధారణ అయిన పిల్లులను ఒకే గదిలో కలిపి ఉంచడం నాకు ఇష్టమైన పద్ధతి. కిటికీ, ఎక్కి కూర్చోవడానికి అరలు, దాక్కోవడానికి అట్టపెట్టెలు ఉంటే చాలు. నెలల తరబడి కేజ్‌లో ఉన్న పిల్లి టెన్షన్‌తో తిండి మానేస్తుంది, దానితో నిరోధక శక్తి ఇంకా పడిపోతుంది. కానీ గదిలో కిక్కిరిసిపోయేలా కుక్కకూడదు. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ కాని మగపిల్లిని అందులోకి వదలకూడదు.

అపోహ: తల్లికి నెగెటివ్ వస్తే పిల్లలన్నీ నెగెటివే

ఒక్కోదానికీ విడిగా టెస్ట్ చేయాలి. డబ్బు మిగులుతుందని నాలుగైదు పిల్లల రక్తం కలిపి ఒకే కిట్‌లో పోసేవాళ్లున్నారు. అలా చేస్తే వచ్చే రిజల్ట్‌ను నమ్మలేం. ఈ టెస్ట్ వెతికేది వైరస్ ప్రొటీన్‌నే కాబట్టి ఏ వయసు పిల్లకైనా చేయొచ్చు. టీకా వేసినా రిజల్ట్ మారదు. ఈ మధ్యే వైరస్ సోకి ఉంటే మొదట నెగెటివ్ చూపించొచ్చు. అందుకే అనుమానం ఉన్న పిల్లికి కనీసం 30 రోజులాగి మళ్లీ చేస్తాం.

అపోహ: చూడ్డానికి బాగానే ఉంది కదా, ఏమీ కాదు

దీని గురించి కూడా నిజాయితీగా చెప్పాలి. ప్రొగ్రెసివ్ పిల్లుల్లో చాలావరకు రోగం తేలిన మూడేళ్లలోపే పోతాయి. రక్తహీనత, లింఫోమా అనే క్యాన్సర్, తగ్గని ఇన్ఫెక్షన్లు వస్తాయి. వైరస్‌ను ఒంట్లోంచి తీసేసే మందు లేదు. దత్తత తీసుకునేవాళ్లకు ఈ మాట పక్కన కూర్చోబెట్టి చెప్తాను, కాగితం మీద రాసి కూడా ఇస్తాను. ఇంటికెళ్లాక అమ్మకో, అత్తగారికో వివరించాల్సింది వాళ్లే కదా.

ఒక పని మాత్రం అందరికీ చేసి చూపిస్తాను. పిల్లి పై పెదవిని బొటనవేలితో మెల్లగా పైకెత్తితే చిగుళ్లు గులాబీ రంగులో కనిపించాలి. అవి పాలిపోయి తెల్లగా ఉంటే రక్తం తగ్గుతోందని అర్థం, అదే రోజు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. వారానికోసారి బరువు చూడాలి. ఆర్నెల్లకోసారి చెకప్, రక్త పరీక్ష ఉండాలి. పచ్చి మాంసం పెట్టొద్దు. బయట తిరగనివ్వొద్దు, దాని కోసమూ, పక్కింటి పిల్లుల కోసమూ.

అపోహ: ఇంట్లో ఉన్న పిల్లికి టీకా వేయిస్తే కలిపి పెంచుకోవచ్చు

ఈ వైరస్‌కు టీకా ఉంది, మంచిదే. కానీ ఏ టీకా నూటికి నూరుపాళ్లు కాపాడదు. పెద్ద వయసు పిల్లులకు సహజంగానే కొంత తట్టుకునే శక్తి ఉంటుంది, బుజ్జి పిల్లలకు ఉండదు. అందుకే నా సలహా ఒకటే: పాజిటివ్ పిల్లి వేరే పిల్లి లేని ఇంటికి గానీ, మరో పాజిటివ్ పిల్లి ఉన్న ఇంటికి గానీ వెళ్లాలి. కుక్క ఉంటే ఇబ్బంది లేదు. విడి గదుల్లో ఉంచే ఓపిక ఉన్నవాళ్లు కూడా ఉంటారు, అది వేరే సంగతి. సోకిన పిల్లికి మాత్రం ఆ టీకా వేసినా లాభం లేదు.

ఇండియాలో ఉన్నవాళ్లకు ఒక మాట. అక్కడ పిల్లులకు మామూలుగా వేసే మూడు జబ్బుల టీకాలో పాన్‌ల్యూకోపీనియా, హెర్పిస్, క్యాలిసి ఉంటాయి, లుకేమియా ఉండదు. “టీకాలన్నీ వేయించాం” అని ధీమాగా ఉండకుండా, కొత్త పిల్లిని పాత పిల్లితో కలిపే ముందు టెస్ట్ చేయించండి.

అపోహ: వీటిని ఎవరూ తీసుకెళ్లరు

తీసుకెళ్తారు. ఆస్టిన్ పెట్స్ అలైవ్ సంస్థ ఇలాంటి పిల్లుల కోసమే అడాప్షన్ కార్యక్రమం నడుపుతోంది. వీటిని తీసుకెళ్లేవాళ్లలో ఎక్కువమంది అంతకుముందే ఒక జబ్బు పిల్లిని సాకినవాళ్లు, పిల్లలు చదువులకు వెళ్లిపోయి ఇల్లు ఖాళీ అయినవాళ్లు. “ఎన్నాళ్లుంటే అన్నాళ్లు మా దగ్గరే ఉంటుంది లెండి” అంటారు. శాశ్వతంగా తీసుకోవడానికి జంకేవాళ్లకు ఫోస్టర్‌గా ఇస్తాం. పిల్లి వాళ్లింట్లో, వైద్యం ఖర్చు షెల్టర్‌ది. కార్డు మీద ‘పాజిటివ్’ అన్న ఒక్క ముక్కే రాస్తే జనం ఆగరు. ‘ఒళ్లో పడుకుంటుంది, కుక్కలంటే భయం లేదు, ఇంట్లో వేరే పిల్లి ఉండకూడదు’ అని రాస్తే ఆగి అడుగుతారు.

అపోహ: ఆ పిల్లి పోయాక నెలల తరబడి ఇంట్లోకి ఇంకో పిల్లిని తేకూడదు

అంత అవసరం లేదు. గిన్నెలు, లిట్టర్ బాక్స్ సబ్బుతో కడిగి, బ్లీచ్ కలిపిన నీళ్లతో తుడిచి, పరుపు, దుప్పట్లు ఉతికి ఆరేస్తే కొన్ని రోజుల్లోనే కొత్త పిల్లిని తెచ్చుకోవచ్చు. తెచ్చుకునేది మరో పాజిటివ్ పిల్లే అయితే ఆ కొన్ని రోజులు కూడా ఆగనక్కర్లేదు.