సెల్ఫీలో చిన్నదైన ముఖం

పరుగెత్తాక కలిగే హాయికి, మన ఒంట్లోనే తయారై నొప్పిని తగ్గించే ఎండార్ఫిన్లనే రసాయనాలే కారణమని జిమ్ ట్రైనర్ మొదలు వాట్సాప్ ఫార్వర్డ్ దాకా అందరూ చెబుతారు. పరుగెత్తితే రక్తంలో ఎండార్ఫిన్లు పెరిగే మాట నిజమే. కానీ రక్తానికీ మెదడుకూ మధ్య జల్లెడ లాంటి అడ్డు ఒకటుంది, ఎండార్ఫిన్లు దాన్ని అంత సులువుగా దాటలేవు. మెదడు తనలో తాను తయారుచేసుకునే ఎండార్ఫిన్లకు కొంత పాత్ర ఉండొచ్చు. అయితే 2021లో జర్మనీ పరిశోధకులు 63 మందిని 45 నిమిషాలు పరుగెత్తించి చూశారు. ఎండార్ఫిన్ల పనిని అడ్డుకునే మందు మింగినవాళ్లకూ ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్లకూ హాయి దాదాపు ఒకేలా అనిపించింది.

ఇప్పుడు అనుమానం మరో పదార్థం మీదికి మళ్లింది. 1992లో జెరూసలేంలోని హీబ్రూ విశ్వవిద్యాలయంలో, రఫాయెల్ మెషూలం ప్రయోగశాలలో బయటపడిందది. గంజాయి మెదడులో ఎక్కడ అతుక్కుని పనిచేస్తుందో, మన ఒంట్లోనే తయారయ్యే ఈ పదార్థమూ అక్కడే అతుక్కుంటుంది. కనిపెట్టినవాళ్లు సంస్కృతంలోని ఆనందం అనే మాట తీసుకుని దానికి ఆనందమైడ్ అని పేరు పెట్టారు. కొవ్వులో కరిగే గుణం ఉంది కాబట్టి అది జల్లెడ దాటి మెదడులోకి వెళ్లగలదు. కాస్త చెమట పట్టేలా పరుగెత్తితే రక్తంలో దాని మోతాదు పెరుగుతుంది.

కానీ ఆ హాయి కాసేపటిదే. రోజూ వ్యాయామం చేసే మనిషి స్వభావంలోనే కనిపించే నెమ్మదికి ఇదొక్కటే కారణం కాలేదు. నాకు ఇంతకన్నా ఆసక్తి కలిగించేది భయం సంగతి.

గుండె దడ, చెమట, ఆయాసం. మెట్లెక్కినా ఇవే, భయపడినా ఇవే. టెన్షన్ ఎక్కువగా పడేవాళ్లలో చాలామందికి వచ్చిన కష్టం కన్నా ఈ దడంటేనే భయం. గుండె కాస్త వేగంగా కొట్టుకోగానే ఏదో అయిపోతోందనుకుంటారు. అలా అనుకోవడంతో దడ ఇంకా పెరుగుతుంది. వ్యాయామంలో మాత్రం ఆ దడను మనమే కావాలని తెచ్చుకుంటాం. కాసేపు దానితో ఉంటాం, ఆగగానే అది దానంతటదే దిగిపోవడం చూస్తాం. వారానికి నాలుగైదు సార్లు ఇలా జరిగితే దడ వచ్చినా కొంప మునగదన్న సంగతి ఒంటికే తెలుస్తుంది. ఎవరూ నచ్చజెప్పక్కర్లేదు. మొదటి పది నిమిషాలు విసుగ్గా, బరువుగా ఉంటాయని చాలామంది మానేస్తారు కానీ, ఆ ఇబ్బందిని ఓర్చుకోవడంలోనే సగం పని జరుగుతోందని నా అభిప్రాయం.

డిప్రెషన్ మీద 1999లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం చేసిన ప్రయోగం ప్రసిద్ధం. 50 ఏళ్లు దాటిన 156 మందిలో కొందరికి మందు, కొందరికి వ్యాయామం, కొందరికి రెండూ ఇచ్చారు. 16 వారాలయ్యేసరికి మూడు గుంపులూ ఇంచుమించు ఒకేలా కోలుకున్నాయి. ఇది చదివి ఎవరూ డాక్టర్ని అడగకుండా మందులు ఆపేయకూడదు. పైగా మంచం దిగడమే కష్టమైన రోజుల్లో ఉన్న మనిషికి ‘లేచి పరుగెత్తు’ అని చెప్పడం సలహా కాదు, క్రూరత్వం.

ఇక వ్యాయామంలోని ఆధ్యాత్మికం. ఈ మాట వినగానే సైన్సు చదివినవాళ్లు కొందరు ముఖం తిప్పుకుంటారు. కానీ బౌద్ధ భిక్షువులు నడుస్తూ ధ్యానం చేశారు, సూఫీలు గిర్రున తిరిగారు, ఎన్నో మతాల యాత్రికులు వందల మైళ్లు కాలినడకన వెళ్లారు. కూర్చుంటే ఆగని ఆలోచన కదిలితే ఆగుతుందని వాళ్లు గమనించే ఉంటారు.

2015లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు కొందరిని చెట్ల మధ్య 90 నిమిషాలు నడిపించారు, మరికొందరిని రద్దీ రోడ్డు పక్కన. తమ గురించి తాము అదే పనిగా తవ్వుకునే ఆలోచనలు చెట్ల మధ్య నడిచినవాళ్లలో తగ్గాయి, ఆ ఆలోచనలతో ముడిపడిన మెదడు భాగం కూడా కాస్త శాంతించింది. రోడ్డు పక్కన నడిచినవాళ్లలో ఆ మార్పు కనిపించలేదు. అంటే కాళ్లు ఆడితే చాలదు, చూపు ఎటుందన్నదీ ముఖ్యమే. వారానికి కనీసం 150 నిమిషాలన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ఒంటికి సరిపోతుంది. నడుస్తున్నంతసేపూ వాచీలో అడుగులు లెక్కపెట్టుకునేవాడికి మాత్రం ‘నేను’ అనే బరువు ఎక్కడ దిగుతుంది?

2020లో అచ్చయిన మరో ప్రయోగంలో కొందరు పెద్దవాళ్లను వారానికో 15 నిమిషాల నడకకు వెళ్లమన్నారు. సగం మందికి మాత్రం, చుట్టూ ఉన్నవాటిని కొత్తగా, ఆశ్చర్యంగా చూడమని అదనంగా చెప్పారు. నడకలో సెల్ఫీలు తీసుకోమని అందరికీ చెప్పారు. ఎనిమిది వారాలు గడిచేసరికి, ఆశ్చర్యంగా చూస్తూ నడిచినవాళ్ల ఫొటోల్లో చిరునవ్వు పెద్దదైంది. ముఖం మాత్రం వారాలు గడిచేకొద్దీ ఫొటోలో చిన్నదవుతూ వచ్చింది. ఆ ఖాళీని వెనకున్న చెట్లూ ఆకాశమూ నింపాయి.