చైనీస్ ముఖ సాముద్రికం, పుట్టుమచ్చలు: అపోహలు - వాస్తవాలు

సింగపూర్‌లో చర్మవైద్యురాలిగా పని చేస్తున్నాను. చైనీస్ కొత్త సంవత్సరం దగ్గరపడితే చాలు, ఫోన్‌లో ముఖం బొమ్మ, దాని మీద ఏ చోట మచ్చ ఉంటే ఏ ఫలితమో రాసింది చూపించేవాళ్లు వరస కడతారు. "కంటి కింద ఉంది డాక్టర్, ఏడుపు రాత అట, తీసేయండి." ఇప్పుడు అదే బొమ్మ మనవాళ్ల వాట్సాప్‌లలోకీ వచ్చింది. పెళ్లీడు అమ్మాయిల తల్లులకు ఒకటే టెన్షన్.

అపోహ: మచ్చ మంచిదో చెడ్డదో అది ఉన్న చోటు చెబుతుంది.

వాస్తవం: చూడాల్సింది మార్పు. ఈ ఒక్క నమ్మకం చేసినంత నష్టం మిగతావేవీ చేయలేదు. దురదృష్టపు మచ్చ అని పార్లర్‌లో కాల్పించేసుకుంటారు. కాల్చేశాక బయాప్సీకి, అంటే ముక్కను ల్యాబ్‌లో పరీక్షించడానికి, పంపడానికి ఏం మిగులుతుంది? అది మామూలు మచ్చో క్యాన్సరో ఇక ఎవరూ చెప్పలేరు.

అదృష్టపు మచ్చతో ఇంకో ప్రమాదం. పై పెదవి మీద మచ్చ ఉంటే తిండికి లోటుండదంటారు. అలాంటి మచ్చనే ఒక పెద్దావిడ ఏళ్ల తరబడి ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ముఖం తుడుచుకున్నప్పుడల్లా తువ్వాలుకు రక్తం అంటుతోందని మనవరాలు బలవంతంగా తీసుకొచ్చింది. చర్మాన్ని పెద్దది చేసి చూపే డెర్మోస్కోప్‌లో నీలం, బూడిద రంగు మరకలు, మధ్యలో మానని పుండు. బయాప్సీలో బేసల్ సెల్ కార్సినోమా అనే చర్మ క్యాన్సర్ అని తేలింది. మన ఆసియావాళ్లలో ఈ క్యాన్సర్ చాలాసార్లు నల్లగా, అచ్చం పుట్టుమచ్చలాగే ఉంటుంది. ఒంట్లో వేరేచోటికి పాకడం చాలా అరుదు, కానీ వదిలేస్తే చుట్టూ ఉన్న కండను తినేస్తుంది. ఆపరేషన్‌తో నయమైంది. కుట్లు విప్పే రోజు ఆవిడ, "ఇక నాకు అన్నం దొరుకుతుందా?" అని అడిగింది. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సింగపూర్‌ను ఆక్రమించిన కాలంలో కర్రపెండలం తిని బతికిన మనిషి. ఆ భయాన్ని ఎలా కొట్టిపారేస్తాం?

ఇంకోటి. చైనీయుల్లో, మనలో మెలనోమా అనే ప్రమాదకరమైన చర్మ క్యాన్సర్ ఎక్కువగా వచ్చేది అరికాళ్లలో, గోళ్ల కింద. ఆ బొమ్మలో అరికాలు లేనే లేదు. మచ్చ పెరుగుతున్నా, అంచులు వంకర పోయినా, రంగులు మారినా, రక్తం కారినా వెంటనే చూపించండి.

అపోహ: గడ్డం మీద మొటిమలొస్తే గర్భసంచి చెడినట్టే.

వాస్తవం: కాదు. నెలసరి కూడా తప్పుతుంటే హార్మోన్ల పరీక్ష చేయించుకోండి, చాలు.

అపోహ: చెంప ఎముకలు ఎత్తుగా ఉంటే భర్తకు గండం.

వాస్తవం: ఎముక తల్లిదండ్రుల నుంచి వస్తుంది. ఈ మాటకు భయపడి ఎముక తగ్గించే ఆపరేషన్ గురించి అడిగే పిల్లలను చూస్తే కడుపు తరుక్కుపోతుంది. నరాలు దెబ్బతినే ప్రమాదమున్న ఆపరేషన్ అది.

అపోహ: ముఖ సాముద్రికం వేల ఏళ్ల శాస్త్రం, అబద్ధమవుతుందా?

వాస్తవం: క్రీ.పూ. 3వ శతాబ్దంలోనే చైనా తత్వవేత్త షున్‌జి దీన్ని ఖండించాడు. కన్ఫ్యూషియస్ ముఖం వికారంగా ఉండేదనీ, దేశాన్ని ముంచిన రాజులు అందగాళ్లనీ గుర్తు చేశాడు. రూపం కన్నా మనసు చూడమన్నాడు.

అందం కోసమో మనశ్శాంతి కోసమో మచ్చ తీయించుకుంటానంటే నేను కాదనను. ముందు డెర్మోస్కోప్‌తో చూడనివ్వండి. అనుమానం ఉంటే కాల్చం, కోసి తీసి ల్యాబ్‌కు పంపుతాం. రిపోర్టు అడిగి తీసుకుని దాచుకోండి.