పూజగదిలో ఒకటి, బీరువాలో ఒకటి

పిల్లల షాంపూ కొనేటప్పుడు సీసా వెనక్కి తిప్పి, ఫోన్ వెలుగులో ఆ చీమ తలకాయలంత అక్షరాలు చదివి, పారాబెన్లు అనే నిలవ రసాయనాలు లేవని ఖాయం చేసుకున్నాకే బుట్టలో వేసే తల్లిదండ్రులు నాకు చాలామంది తెలుసు, నేనూ ఆ బాపతే. తప్పేం లేదు. కానీ అదే ఇంట్లో పూజగది గట్టు మీద మూత సరిగ్గా పట్టని కర్పూరం డబ్బా ఉంటుంది, బీరువాలో చీరల మడతల మధ్య కలరా ఉండలు ఉంటాయి, వాటిని మాత్రం మనం కెమికల్స్ లెక్కలో వెయ్యం. ఒకటి దేవుడిది, ఇంకోటి అమ్మమ్మది. ఏడాదిన్నర పిల్లాడిని ఐసీయూకి చేర్చగలిగే శక్తి మాత్రం ఈ రెండిటికీ ఉంది.

ముందు కర్పూరం సంగతి చూద్దాం. ఒకప్పుడు చైనా, జపాన్, తైవాన్ వైపు పెరిగే కర్పూరం చెట్టు నుంచి తీసేవాళ్లు, ఇప్పుడు మనం వెలిగించేది చాలావరకు పైన్ చెట్ల టర్పెంటైన్ నుంచి ఫ్యాక్టరీలో తయారయ్యేది. చెట్టు నుంచి వచ్చినా ఫ్యాక్టరీలో పుట్టినా అణువు అణువే, ఒంట్లో అది చేసే పని మారదు. కర్పూరం కొవ్వులో ఇట్టే కరుగుతుంది. మెదడులో కొవ్వు పదార్థం ఎక్కువ కదా, అందుకే మింగిన కర్పూరం పొట్టలోంచి రక్తంలోకి, అక్కణ్నుంచి మెదడుకి చాలా తొందరగా వెళ్లిపోతుంది. మింగిన అయిదు నిమిషాల నుంచి గంటన్నర లోపు ఫిట్స్ రావచ్చు. వాంతులో, మత్తో ముందుగా కనబడి హెచ్చరిస్తాయన్న నమ్మకం లేదు, ఒక్కోసారి మొదటి లక్షణమే ఫిట్స్. దీనికి విరుగుడు మందు లేదు. ఫిట్స్ ఆపుతూ, ఊపిరి నిలబెడుతూ, ఒళ్లు దానంతట అది కర్పూరాన్ని బయటికి పంపేదాకా డాక్టర్లు కాపు కాస్తారు, అంతే.

ఎంత మింగితే ప్రమాదం? అమెరికాలో విష సమాచార కేంద్రాల నిపుణులు 2006లో ఒక లెక్క పెట్టారు: పిల్లల బరువులో కిలోకి 30 మిల్లీగ్రాములు దాటితే ఇంట్లో ఉంచి చూడొద్దు, ఆసుపత్రికి పంపండి అని. పది కిలోల పిల్లాడికి అది 300 మిల్లీగ్రాములు, అంటే గ్రాములో మూడో వంతు కూడా కాదు. మీ ఇంట్లో ఉన్న బిళ్లని ఓసారి అరచేతిలో పెట్టి చూడండి, అది పటికబెల్లం ముక్కలా కనిపిస్తోందా లేదా మీరే చెప్పండి. పైగా గుళ్లో తీర్థం తాగినప్పుడు, లడ్డూ తిన్నప్పుడు పిల్లలకి ఆ వాసన నోటికి అలవాటే. లడ్డూలో వేసే పచ్చకర్పూరం చిటికెడే, దానికి కంగారు పడక్కర్లేదు, కానీ హారతి కర్పూరం తినడానికి చేసింది కాదన్న తేడా రెండేళ్ల బుర్రకి ఎలా తెలుస్తుంది?

మింగడం ఒక్కటే దారి కాదు. పసివాళ్లకి జలుబు చేస్తే కొబ్బరినూనెలో కర్పూరం వేసి వేడి చేసి గుండెలకి, వీపుకి రాయడం మన ఇళ్లలో ఎంత మామూలో చెప్పక్కర్లేదు. చర్మం గుండా కూడా అది లోపలికి పోతుంది, పసిపిల్లల చర్మం పలచన, కర్పూరాన్ని విరిచి బయటికి పంపాల్సిన కాలేయం ఇంకా పూర్తిగా పనిలోకి దిగి ఉండదు. రెండేళ్లలోపు పిల్లలకి వాడొద్దని చాలా బామ్ డబ్బాల మీద చిన్న అక్షరాల్లో రాసే ఉంటుంది, మనం చదవం. 2021లో కరోనా రెండో వేవ్‌లో కర్పూరం, వాము, లవంగాలు మూటగట్టి వాసన పీలిస్తే ఆక్సిజన్ పెరుగుతుందని వాట్సాప్‌లో తిరిగింది గుర్తుందా? పెరగదు. కర్పూరం ముక్కులో చల్లదనాన్ని పసిగట్టే నరాలని తడుతుంది కాబట్టి గాలి బాగా ఆడుతున్నట్టు అనిపిస్తుంది, ముక్కు దిబ్బడ నిజంగా తగ్గి కాదు.

అమెరికాలో కర్పూరం వెనక ఓ చిత్రమైన కథ ఉంది. అక్కడ 20 శాతం కర్పూరం కలిపిన తైలం మందుల షాపుల్లో అమ్మేవాళ్లు. ఇంగ్లీషులో ఆముదాన్ని కాస్టర్ ఆయిల్ అంటారు, ఈ తైలం పేరు క్యాంఫరేటెడ్ ఆయిల్, పేర్లు దగ్గరదగ్గరగా ఉండేసరికి విరేచనానికి ఆముదం పట్టిస్తున్నామనుకుని పిల్లలకి ఇది పట్టించిన ఘటనలు పదేపదే జరిగాయి. చివరికి 1982లో ప్రభుత్వం ఆ తైలం అమ్మకాన్నే ఆపించింది. పైపూత మందుల్లో కర్పూరం 11 శాతం మించకూడదన్న హద్దు కూడా ఆ రోజుల్లో వచ్చిందే.

ఇక బీరువా సంగతి. కలరా ఉండలకీ కలరాకీ ఏ సంబంధమూ లేదు, అవి కలరాని ఆపవు. అసలు పేరు నాఫ్తలీన్. ఇది నేరుగా మెదడు మీదికి పోదు, రక్తం మీదికి పోతుంది, అదీ తాపీగా. కాలేయం నాఫ్తలీన్‌ని విరగ్గొట్టేటప్పుడు పుట్టే ముక్కలు ఎర్ర రక్తకణాల్లో ఒకరకంగా తుప్పు పట్టిస్తాయి. మామూలుగా ఆ తుప్పుని ఎప్పటికప్పుడు తుడిచేసే ఏర్పాటు కణంలో ఉంటుంది, దానికి జీ6పీడీ అనే ఎంజైమ్ కావాలి. మిగతా కణాలకి వేరే దారులున్నాయి కానీ ఎర్ర కణానికి కేంద్రకం లేదు, మైటోకాండ్రియా లేవు, ఈ ఒక్క ఎంజైమే దిక్కు. అది పుట్టుకతోనే తక్కువగా ఉన్నవాళ్లలో కణాలు టపటపా పగిలిపోతాయి. ఈ లోపం ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది, కాబట్టి తల్లి నుంచి కొడుక్కి వస్తుంది, మగపిల్లల్లోనే ఎక్కువగా బయటపడుతుంది. మలేరియా తరతరాలుగా ఉన్న ప్రాంతాల్లో ఈ లోపం ఎక్కువ, ఎందుకంటే అది మలేరియా నుంచి కొంత కాపాడుతుంది. మన దేశంలో కొన్ని గిరిజన తెగల్లో బాగా కనిపిస్తుంది. దీన్ని కనిపెట్టిందీ మలేరియా వల్లే: ప్రైమాక్విన్ అనే మలేరియా మాత్ర వేసుకుంటే కొందరికే రక్తం ఎందుకు విరిగిపోతోందని వెతుకుతూ 1956లో అమెరికన్ పరిశోధకులు ఈ ఎంజైమ్ దగ్గరికి చేరారు.

ఇక్కడ నాకు టెన్షన్ పెట్టేది ఆ వ్యవధి. పిల్లాడు సోమవారం ఉండ చప్పరించాడు, ఆ రోజంతా ఆడుకున్నాడు, ఏమీ కాలేదని అందరూ మర్చిపోయారు. బుధవారమో గురువారమో మూత్రం కోలా రంగులో వస్తుంది, కళ్లు పచ్చబడతాయి, మనిషి పాలిపోతాడు. పచ్చకామెర్లు అనుకుని చెట్టుమందుకి తిరుగుతారు తప్ప మూడు రోజుల కిందటి ఉండ ఎవరికి గుర్తొస్తుంది?

పొత్తిళ్ల సంగతి ఇంకా గట్టిగా చెప్పాలి. పుట్టిన బిడ్డకి కొత్తబట్ట వెయ్యం కదా, అమ్మమ్మ పాత నేతచీర మెత్తగా ఉంటుందని ట్రంకు పెట్టెలోంచి తీసి చింపి పొత్తిళ్లు చేస్తాం. ఆ పెట్టెలో ఏళ్ల తరబడి కలరా ఉండలు. నాఫ్తలీన్ కరగకుండానే ఆవిరై బట్ట పోగుల్లోకి చేరుతుంది, మనకి వాసన వస్తోందంటేనే ఆ అణువులు గాల్లో ఉన్నాయని లెక్క. బిడ్డ పీలుస్తుంది, చర్మం గుండా కూడా ఎక్కుతుంది, ఒళ్లంతా నూనె రాసి ఉంటే ఇంకా తేలిగ్గా ఎక్కుతుంది, ఎందుకంటే నాఫ్తలీన్ కూడా నూనెలో కరిగేదే. 1963లో గ్రీస్ వైద్యులు ఇలా నాఫ్తలీన్ తగిలి రక్తం విరిగిన 21 మంది నవజాత శిశువుల వివరాలు ప్రచురించారు, వాళ్లలో ఎంజైమ్ లోపం లేనివాళ్లూ ఉన్నారు. యూరోపియన్ యూనియన్ 2008లో నాఫ్తలీన్ ఉండల్ని నిషేధించింది. మన దగ్గర కిరాణా కొట్టులో పిప్పరమెంట్ల సీసా పక్కనే దొరుకుతాయి. బట్టలకి ఎండిన వేపాకు, అప్పుడప్పుడు మంచి ఎండ చాలు, మా నాయనమ్మ పెట్టెలో ఉండేది అదే.

కిరసనాయిల్, దోమల మందు సీసా వీటిది ఇంకో తరహా. దోమల లిక్విడ్లలో మందు శాతం తక్కువ, మిగతాదంతా దాదాపు వాసన తీసేసిన కిరసనాయిలే. పొట్టలోకి పోయినదానికంటే గొంతులో పొరపోయి ఊపిరితిత్తుల్లోకి జారిన రెండు చుక్కలు ఎక్కువ హాని చేస్తాయి. కాబట్టి వాంతి చేయించడమంటే గొంతులోంచి దాన్ని రెండోసారి లాగడమే. యాసిడ్ తాగితే వాంతి మళ్లీ కాలుస్తుంది. కర్పూరం మింగితే వాంతి మధ్యలో ఫిట్స్ రావచ్చు. ఉప్పునీళ్లు పట్టించడం, గొంతులో వేలు పెట్టడం ఏ సందర్భంలోనూ వద్దు. విరుగుడని పాలు కూడా పట్టించొద్దు, నాఫ్తలీన్, కర్పూరం కొవ్వుతో పాటు ఇంకా తొందరగా ఒంటికి పడతాయి. నోట్లో మిగిలింది వేలితో తీసేసి, డబ్బా చేత్తో పట్టుకుని, 108కి ఫోన్ చేసి బయల్దేరడమే. ఢిల్లీ ఎయిమ్స్‌లో జాతీయ విష సమాచార కేంద్రం ఉంది, 1800 116 117, దీన్ని ఇప్పుడే ఫోన్లో సేవ్ చేసుకోండి.

కెనడాలో విండ్సర్ ఊరి పిల్లల డాక్టర్ హెన్రీ బ్రో ఇలాంటి కేసులు చూసి చూసి విసిగిపోయి, 1967లో నొక్కి తిప్పితే తప్ప రాని మూతని వాడకంలోకి తెప్పించాడు. ఆ ప్రాంతంలో పిల్లల విషప్రమాదాలు ఒక్కసారిగా పడిపోయాయి. మనమేమో ఫినాయిల్‌ని కూల్‌డ్రింక్ సీసాలో పోసి బాత్రూంలో కింద పెడతాం.

ఆసుపత్రిలో అడిగే మొదటి ప్రశ్న ఏం మింగాడు అని. తెల్లటి ఉండ అంటే సరిపోదు, ఎందుకంటే కలరా ఉండల పేరుతో పారాడైక్లోరోబెంజీన్ అనే మూడోదాన్ని కూడా అమ్ముతున్నారు, బాత్రూంలో వేలాడదీసే బిళ్లల్లో ఉండేదీ అదే. తేడా తెలుసుకోవడానికి రెండు గ్లాసులు చాలు. ఒకదాంట్లో మామూలు నీళ్లు, ఇంకోదాంట్లో ఇక కరగదు అనేంతవరకు ఉప్పు కలిపిన నీళ్లు. కర్పూరం మామూలు నీళ్లలోనే తేలుతుంది. నాఫ్తలీన్ మామూలు నీళ్లలో మునిగి ఉప్పునీళ్లలో తేలుతుంది. పారాడైక్లోరోబెంజీన్ రెండిట్లోనూ మునుగుతుంది. పిల్లాడు మింగాక చేసే పని కాదిది, ఇవాళ తీరికగా చేసి డబ్బా మీద పేరు రాసుకోవాల్సింది, ఆ గ్లాసులు మళ్లీ తాగడానికి వాడకూడదు.

నేను పోయిన ఆదివారం చేశాను. బీరువా అడుగున దొరికిన నాలుగు ఉండల్లో రెండు ఉప్పునీళ్లలో తేలాయి, రెండు మునిగాయి. ఒకే ప్యాకెట్లోవని మా ఆవిడ అంటుంది, వేరేవని నేనంటాను, ప్యాకెట్ మాత్రం ఎప్పుడో పారేశాం.